బేరింగు కన్ను, గొలుసు జూలు

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కితే వనస్థలిపురం తర్వాత ఆటోనగర్ వస్తుంది. లారీలు బాగుపడేదీ అక్కడే, ఇక బాగుపడవని తేలినవి ఆఖరి మజిలీ చేసేదీ అక్కడే. ముసలి లారీ ఒక్కసారిగా చావదు. ముందు బ్యాటరీ పోతుంది, తర్వాత టైర్లు, అద్దాలు, సీట్లు. డోర్లు ఊడదీసి గోడకు ఆనిస్తారు. చైన్ కప్పీ కట్టి ఇంజిన్ లేపుతారు, గేరుబాక్సు దించుతారు, కమాన్ కట్టలు విప్పి ఒకపక్కన పేరుస్తారు. చిట్టచివర ఒకతను గ్యాస్ కట్టర్ పట్టుకుని ఛాసిస్ దగ్గర కూర్చుంటాడు. అతని పని అయ్యేసరికి లారీ ఉన్నచోట నల్లటి ఆయిలు మరక, చుట్టూ నాలుగైదు కుప్పలు మిగులుతాయి.

కాటా మీద ఆ కుప్పలన్నీ కిలోల లెక్కే. శిల్పి కంటికి మాత్రం అవి అవయవాలు. బేరింగు కనుగుడ్డు, కమాన్ పట్టీ పక్కటెముక, టైమింగ్ గొలుసు గుర్రం జూలు, స్పార్క్ ప్లగ్గు వేలు. క్లచ్ ప్లేటును కాస్త పక్కకు తిప్పి చూస్తే నెమలి పింఛంలో కన్ను కనిపిస్తుంది. ఆటోనగర్‌కు చేరువలోనే మహావీర్ హరిణ వనస్థలిలో నిజం కృష్ణజింకలు తిరుగుతుంటాయి. వాటి మెలికల కొమ్ములకు షాక్ అబ్జార్బర్ స్ప్రింగు ఎంత సరిపోతుందో ఒకసారి తడితే ఆ ఊహ ఇక వదలదు.

తుక్కుతో బొమ్మ చేయడం అనగానే అందరికీ గుర్తొచ్చేది వెల్డింగ్ నిప్పురవ్వలు. నిజానికి ఈ కళలో సగం పని రాడ్డు వెలగకముందే, ఏరడంలోనే అయిపోతుంది. ఆ ఏరే చూపు ఆర్ట్ కాలేజీల్లో పుట్టింది కాదు. కబాడీ దుకాణాల్లో, అంతకుముందు మన ఇళ్లలో, వసారాల్లో ఉన్నదే. శిల్పులు దాన్ని చౌరస్తాలోకి తెచ్చి నిలబెట్టారు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మెట్రోలో మూడో స్టేషన్. మధ్యలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. ఈ కాస్త దూరంలోనే నగరం పారేసే సరుకు స్వభావం మారిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ చెత్త మెత్తన. కోచింగ్ సెంటర్ల పరీక్ష పేపర్లు, పాతబడిన గైడ్లు, హాస్టళ్ల ముందు నీళ్ల సీసాలు, బట్టల దుకాణాల అట్టపెట్టెలు, టైలర్ల దగ్గర కత్తిరింపు పేలికలు. వీటన్నిటికీ మించి ఫ్లెక్సీలు. ర్యాంకులు వచ్చినప్పుడు ఒక మోపు, నాయకుల పుట్టినరోజులకు ఇంకో మోపు. దించిన ఫ్లెక్సీ చెత్తకుండీ దాకా పోవడం అరుదు. తోపుడుబండికి కప్పు అవుతుంది, గుడిసె మీద వానకు అడ్డుపడుతుంది, ఇసుక కుప్ప మీద పరదా అవుతుంది. నవ్వుతున్న ర్యాంకర్ల మొహాలు తలకిందులుగా జామకాయల బండికి నీడ పట్టడం ఆ రోడ్డు మీద ఎవరికీ వింతగా అనిపించదు.

కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నడిచిన రోజుల్లో వరిగడ్డి, చెక్కపెట్టెలు కూడా ఈ జాబితాలో ఉండేవి. 2021లో మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. ఆ సరుకూ దాంతోపాటే ఊరి బయటికి వెళ్లింది. సరూర్‌నగర్ చెరువు మాత్రం ఏటా తన వంతు ఇస్తూనే ఉంది. వినాయక నిమజ్జనం మర్నాడు ప్లాస్టర్ కరిగీ కరగక ఉండగానే విగ్రహాల లోపలి సలాకలు, చెక్కలు, గోనె, కొబ్బరిపీచు బయటికొస్తాయి. నిలువెత్తు దేవుడిని లోపల నిలబెట్టిన చట్రం ఎలాంటిదో చూడాలంటే అదే మంచి సమయం. ఏ కాలికి ఎంత బరువు మోపారు, తొండాన్ని ఎక్కడ కట్టారు, చేతులు వాలిపోకుండా ఏ సలాకను ఎటు వంచారు, అన్నీ బట్టబయలు. శిల్పం నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఫీజు కూడా లేదు.

ఎల్బీనగర్ దాటాక ఇనుము రాజ్యం. ఈ రెండు ప్రాంతాలనూ కలిపేవి గల్లీల్లో తిరిగే ట్రాలీ ఆటోలు. “పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు” అని రికార్డు పెట్టిన మైకు ఉదయం పూట వినపడని కాలనీ ఇటువైపు తక్కువ. విరిగిన కుర్చీ ఇచ్చి ఉల్లిగడ్డలు, తుప్పు పట్టిన కూలరు రేకులు ఇచ్చి ఎల్లిగడ్డలు. ఆ సరుకంతా చేరేది కబాడీ దుకాణానికి. అక్కడ జరిగేది ఈ కళకు మొదటి పాఠం: వేరుచేయడం. రాగి, ఇత్తడి, సత్తు, రేకు, ఉక్కు, బీడు దేనికది వేరు కుప్ప. అయస్కాంతం అతికితే ఇనుము. అతకకుండా తేలిగ్గా ఉంటే సత్తు, అంటే అల్యూమినియం. సుత్తితో కొడితే వంగేది ఉక్కు, పెళ్లున విరిగేది బీడు, అంటే పోత ఇనుము. ఇంకా అనుమానం ఉంటే గ్రైండరు ఆనిస్తారు. మామూలు ఉక్కు రవ్వలు పొడుగ్గా, పసుప్పచ్చగా ఎగురుతాయి. బీడు రవ్వలు పొట్టిగా, ఎర్రగా వచ్చి అక్కడికక్కడే ఆరిపోతాయి. బడి మొహం పెద్దగా చూడని కుర్రాడు సైతం దుకాణంలో ఈ లోహశాస్త్రం ఒంటబట్టించుకుంటాడు.

ఇళ్లలో ఈ విద్యకు ఇంకా పాత చరిత్ర ఉంది. తెలుగు ఇళ్లలో చిత్తు కాగితం ఊరికే పోయేది కాదు. నోటుపుస్తకాలు, పత్రికలు చింపి నీళ్లలో నానేసేవాళ్లు. రెండు మూడు రోజుల తర్వాత ఆ కాగితాన్ని నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బేవాళ్లు. మెంతి జిగురే బంక, దాని చేదే పురుగుకు విరుగుడు. ఆ గుజ్జును బోర్లించిన కుండ మీదో గిన్నె మీదో వేలెడు మందాన మెత్తి, తడిచేత్తో నున్నగా రాసి, ఎండలో పెడితే నాలుగు రోజులకు బుట్ట ఊడొచ్చేది. కుండకు ముందే బూడిద చల్లడమో తడిగుడ్డ పరచడమో చేయకపోతే బుట్ట ఊడదు. అంచు మరీ పలచనైతే ఎండకు పగులుతుంది, అడుగు మరీ మందమైతే లోపల తడి ఆరక బూజు పడుతుంది. పప్పులు పోసుకునే ఆ గంపకు పైన జాజు పూసి, సుద్దతో ముగ్గు కూడా వేసేవాళ్లు. బొక్కలు పడిన చాటలను, జల్లెడలను ఇదే గుజ్జుతో అలికి ఇంకో రెండేళ్లు వాడేవాళ్లు.

పాత చీరల బొంత సంగతి చెప్పనక్కర్లేదు. చిరిగిన నైలాను చీర అడుగుకు, మెత్తబడిన నూలు చీర ఒంటికి తగిలే వైపుకు. ఎవరి చీర ఎక్కడ పడాలో కుట్టే ఆవిడకు లెక్క ఉండేది. పగిలిన గాజు ముక్కలను దీపం మంటలో వేడి చేసి, మెత్తబడగానే వంచి ఒకదాంట్లో ఒకటి తగిలిస్తే ద్వారానికి తోరణం. అరిగిన హవాయి చెప్పును గుండ్రంగా కోస్తే పిల్లల బండికి చక్రం. మందు సీసా మూతకు చిల్లుపెట్టి ఒత్తి దూరిస్తే కిరోసిన్ బుడ్డి. వీటిని ఎవరూ కళ అనలేదు, పేదరికం అన్నారు. కాగితపు గుజ్జు బుట్టనే ఇప్పుడు ఎగ్జిబిషన్‌లో చీటీ అంటించి పెడితే వరుసలో నిలబడి కొంటున్నారు. తప్పేం లేదు. కాకపోతే మెంతులు ఎన్ని వేయాలో చెప్పగలిగిన ముసలమ్మను ఆ స్టాల్ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడితే ఇంకా బాగుండేది.

ఇక ఇనుము. ఇందులో పెద్ద పేరు తెనాలిది. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర మొదట్నుంచీ విగ్రహాల పనిలో ఉన్నవాళ్లు. కంచు, ఫైబర్ విగ్రహాల పక్కనే తుక్కు ఇనుముతో బొమ్మలు మొదలుపెట్టారు. దాదాపు 75,000 నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహం చేశారు. 2021లో బెంగళూరు కోసం 14 అడుగుల మోదీ విగ్రహం చేసినప్పుడు బైకు గొలుసులు, గేర్ల చక్రాలు, నట్లు, బోల్టులు అన్నీ కలిపి రెండు టన్నుల దాకా పట్టింది. ఆ సరుకు హైదరాబాద్, విశాఖపట్నం, చెన్నై, గుంటూరు ఆటోమొబైల్ మార్కెట్ల నుంచి వెళ్లింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించే శ్రీనివాస్ పడకండ్ల కూడా వాహనాల తుక్కుతో పార్కుల్లో పెట్టే శిల్పాలు చేసి పేరు తెచ్చుకున్నారు. అంటే ఈ పని ఒకపక్క వంశపారంపర్యంగా విగ్రహాలు చేసే ఇంట్లోంచీ, ఇంకోపక్క యూనివర్సిటీ తరగతి గదిలోంచీ పెరిగింది. రెండుచోట్లా ముడిసరుకు ఇచ్చింది మాత్రం మెకానిక్ షెడ్డే.

75,000 నట్లు అంటే చదవడానికి ఒక అంకె. పని చేసేవాళ్లకు అది ఇంకో రకంగా వినపడుతుంది. నట్టు కదలకుండా నిలవాలంటే కనీసం రెండు టాకాలు, అంటే చుక్క అతుకులు, పడాలి. అంటే లక్షన్నర సార్లు రాడ్డు ఆనించడం, లక్షన్నర సార్లు కళ్లకు అద్దం అడ్డం పెట్టుకోవడం. అదీ గాక నట్టుకు రెండు మొహాలు ఉంటాయి. రంధ్రం మనవైపు పెడితే దూరం నుంచి నల్లచుక్కలా కనిపిస్తుంది. పక్కకు తిప్పి పలక మనవైపు పెడితే వెలుతురు పట్టి మెరుస్తుంది. చెంప మీద ఏది, కంటిగుంటలో ఏది అన్న ఎంపికతోనే నీడ పుడుతుంది. చిన్న నట్లు రెప్పలకు, పెదవి అంచుకు. పెద్దవి భుజాలకు, పంచె మడతలకు. పోలిక ముఖ్యమైన మనిషి విగ్రహానికి నట్లు అందుకే నప్పుతాయి. జంతువుల బొమ్మలో ఇంత సన్నపు పని అక్కర్లేదు. అక్కడ వస్తువును వస్తువుగానే వదిలేయొచ్చు. రుచి కూడా అందులోనే ఎక్కువ.

గుర్రం తల చేస్తున్నారనుకుందాం. ముందు నేల మీద సుద్దతో అసలు సైజు గీత గీస్తారు. ఏరిన ముక్కలను ఆ గీత మీద పరిచి, మార్చి మార్చి చూస్తారు. బైకు పెట్రోల్ ట్యాంకు దవడకు సరిపోయిందా, సైలెన్సర్ వంపు మెడకు కుదిరిందా అన్నది ఇక్కడే తేలాలి. వేడి తగిలాక మనసు మార్చుకుంటే గ్రైండరు ఖర్చు, రాడ్ల ఖర్చు, ఒంటి నొప్పులు. తర్వాత సలాకలతో లోపలి చట్రం. బరువంతా మోసేది అదే. పైన కనిపించే గేర్లూ గొలుసులూ దానికి చర్మం లాంటివి.

అంటించేముందు కడగడం ఉంది, చూసేవాళ్లెవరికీ తెలియని నరకం అది. గొలుసులో ఏళ్లతరబడి పేరుకున్న గ్రీజు మంట తగిలితే పొగ కక్కుతుంది, అతుకు బుడగలు బుడగలుగా వచ్చి ఊడుతుంది. అందుకే కిరోసిన్‌లో నానబెట్టి, వైరు బ్రష్షుతో రుద్ది, ఎండలో ఆరబెడతారు. పెట్రోల్ ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. నీళ్లు నింపకుండా వెల్డింగ్ పెడితే పేలుతుంది. షాక్ అబ్జార్బర్ కూడా అంతే. లోపల ఆయిలు, ఒక్కోదాంట్లో గ్యాసు ఒత్తిడి మీద ఉంటాయి. ముందు జాగ్రత్తగా వాటిని బయటికి పంపాకే దాన్ని వేడి దగ్గరికి తేవాలి. జీఐ పైపు మీద జింకు పూత గీకకుండా కాలిస్తే తెల్లటి పొగ వస్తుంది, పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం. పాలు తాగితే విరుగుడు అన్న నమ్మకం వెల్డింగ్ షాపుల్లో బలంగా ఉంది. పాలు మంచివే గానీ ఆ పొగకు కావాల్సింది మాస్కు, గాలి ఆడే చోటు.

కబాడీలో కుప్పలు వేరుచేసిన తెలివి ఇప్పుడు అక్కరకొస్తుంది. మామూలు ఉక్కుకు పన్నెండో నంబరు రాడ్డుతో టాకా వేస్తే చాలు. బ్రేక్ డ్రమ్ము బీడుది. మామూలు రాడ్డుతో కాలిస్తే అప్పటికి అతుకుతుంది, చల్లారేటప్పుడు టప్పుమని పగులుతుంది. దానికి నికెల్ రాడ్డు కావాలి, ముందూ వెనకా నిదానంగా వేడి చేయాలి. లేదంటే చిల్లు పెట్టి బోల్టు బిగించాలి. పిస్టన్ అల్యూమినియం. ఉక్కుతో దానికి ఈ వెల్డింగ్‌లో పొత్తు కుదరదు. పిస్టన్‌ను బొమ్మలో ఎక్కడ పెట్టినా లోపల్నుంచి బోల్టు దూర్చి పట్టించాల్సిందే. గట్టిపరిచిన గేరు పళ్ల మీద నేరుగా మంట పెట్టినా చీలిక రావొచ్చు. అందుకని చేయి తిరిగినవాళ్లు గేరును పళ్ల దగ్గర కాకుండా మధ్య బొడ్డు దగ్గర పట్టిస్తారు. వేడికి ఇనుము గుంజుకుపోతుంది కాబట్టి ఒకే పక్కన వరసగా అతకరు. ఇటొక టాకా, అటొక టాకా.

వానాకాలం సంగతి అనుభవం ఉన్నవాళ్లకే ముందు తడుతుంది. క్లచ్ హౌసింగు, హెడ్‌లైటు డోము, పళ్లెంలా ఉన్న ఏ ముక్కైనా నోరు పైకి పెడితే నీళ్లు నిలుస్తాయి. నిలిచిన చోట తుప్పు, దోమలు. అందుకే అలాంటి ప్రతి ముక్కకూ అడుగున చిన్న చిల్లు పెడతారు. రోడ్డు పక్కన తుక్కు శిల్పం కనిపించినప్పుడు ముందు దాని మొహం కాదు, అడుగు చూడాలి. చిల్లులు ఉంటే చేసినవాడికి పని తెలుసని అర్థం.

ఇంత కష్టపడి చేసిన దాని మీద చివరికి ఆయిల్ పెయింటు కొడతారు. బంగారు రంగో, వెండి రంగో, మరీ ఉత్సాహం ఎక్కువైతే నెమలికి నీలం, ఆకుపచ్చ. తుప్పు ఆపాలంటే ఏదో పూత ఉండాలి నిజమే. కానీ దానికి నిగనిగలాడే పారదర్శక లక్క పూతలు ఉన్నాయి, రంగు మార్చకుండా తుప్పును ఆపే పూతలూ దొరుకుతాయి. రంగు పూసిన మరుక్షణం గేరు గేరుగా కనపడదు, గొలుసు గొలుసుగా కనపడదు. అప్పుడిక సిమెంటు బొమ్మకూ దీనికీ తేడా ఏముంది? తుక్కు శిల్పం ఆడే ఆట అంతా రెండు చూపుల మధ్యే. ఒక చూపుకు ఎద్దు, ఇంకో చూపుకు సైకిలు. పికాసో 1942లో చేసిన ఎద్దు తలలో ఉన్నవి రెండే వస్తువులు, ఒక సైకిలు సీటు, ఒక హ్యాండిలు. ఎద్దు కనిపిస్తూనే ఉంటుంది, సైకిలూ కనిపిస్తూనే ఉంటుంది. ఒకటి ఇంకోదాన్ని మింగేస్తే బొమ్మ చచ్చినట్టే.

గుర్తుపట్టడంలో ఉన్న ఆనందం ఆర్ట్ గ్యాలరీ మొహం చూడనివాళ్లకే ఎక్కువ దక్కుతుంది. చేతక్ హ్యాండిలును, లూనా పెడలును, అంబాసిడర్ హార్నును దూరం నుంచే పోల్చగలిగేది మెకానిక్కే. హైదరాబాద్‌కు ఇందులో సొంత జ్ఞాపకాలు కూడా ఉన్నాయి. 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఈ నగరంలో ఫ్రిజ్‌లు చేసింది, బస్సుల బాడీలు కట్టింది, గడియారాలు చేసింది. కంపెనీ పోయింది, ఆ గుండ్రటి మూలల ఫ్రిజ్ తలుపు మాత్రం పాత సామాన్ల దుకాణంలో ఇప్పటికీ ఎదురవచ్చు. దాన్ని కోసి, కొట్టి, ఆకారం తెలియకుండా చేసి వాడితే ఉత్త రేకు. పేరున్న మూలను కనపడేలా వదిలితే చూసేవాళ్లలో సగంమంది తమ పెళ్లినాటి వంటిల్లు గుర్తుచేసుకుంటారు.

ఇదే చూపుతో వేరే దారి పట్టినవాడు బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన కె.సుధాకర్. బడి రోజుల్లో తుక్కు దుకాణాల నుంచి తెచ్చుకున్న విడిభాగాలతో సైకిళ్లు, బండ్లు కట్టడం మొదలుపెట్టి, క్రికెట్ బంతి, బూటు, కంప్యూటర్, వంకాయ ఆకారాల్లో నడిచే కార్లు తయారుచేశారు. 2005లో ప్రపంచంలోనే పెద్ద ట్రైసికిలుతో గిన్నిస్ రికార్డు కొట్టారు. 2010లో మ్యూజియం తెరిచారు. అవి శిల్పాలా, వాహనాలా అన్న చర్చ కన్నా అవి నడుస్తాయన్న సంగతే నగరానికి నచ్చింది. ఉప్పల్ వైపు బ్యాంబూ హౌస్ ఇండియా నడిపే ప్రశాంత్ లింగం బృందం స్వరూప్‌నగర్ కాలనీలో వెయ్యికి పైగా వాడేసిన ప్లాస్టిక్ సీసాలతో బస్ షెల్టరు కట్టింది. ఆ సీసాల గోడకు ఆనుకుని బస్సు కోసం చూసేవాళ్లు దాన్ని కళాఖండం అనుకోరు. నీడ ఉంది, కూర్చోవడానికి బెంచీ ఉంది. అంతే చాలు.

తుక్కు బొమ్మల ప్రారంభోత్సవాల్లో మాత్రం ఒక మాట తప్పకుండా వినపడుతుంది, వ్యర్థాల సమస్యకు ఇదే పరిష్కారమని. కాదు. హైదరాబాద్ రోజుకు సుమారు 7,000 టన్నుల చెత్త పోగేస్తుంది. తెనాలి విగ్రహం లాంటిదానికి పట్టేది రెండు టన్నులు. ఢిల్లీలో 2019లో తెరిచిన ‘వేస్ట్ టు వండర్’ పార్కులో తాజ్‌మహల్, ఈఫిల్ టవర్ సహా ఏడు వింతలకూ కలిపి వాడింది 150 టన్నుల తుక్కు. ఒక నగరం గంటలోపే అంత చెత్త చేయగలదు. పైగా ఇనుము ఎలాగూ చెత్తకుప్పకు పోదు. బొమ్మ చేయకపోతే కొలిమికి వెళ్లి మళ్లీ సలాకై వస్తుంది. ఆ పని చేసేది కబాడీవాళ్లు, ట్రాలీవాళ్లు. నగరం పరిశుభ్రతకు చప్పట్లు కొట్టాల్సింది వాళ్లకు. శిల్పాన్ని శిల్పంగా చూడటానికి పర్యావరణం సాకు అక్కర్లేదు.

ఇనుములా కొలిమి దారి లేని సరుకులో ఈ కళకు ఇంకా పెద్ద పని ఉంది. కూల్చిన ఇళ్ల శిథిలాలు అలాంటివే. ఎల్బీనగర్‌కు దగ్గర్లోని ఫతుల్లాగూడలో రోజుకు 500 టన్నుల భవన శిథిలాలను నలగ్గొట్టి ఇసుకగా, కంకరగా, పేవర్ టైల్స్‌గా మార్చే కేంద్రం ఉంది. చాలా మంచి పని. అదే రకం సరుకుతో చండీగఢ్‌లో నేక్‌చంద్ ఏం చేశాడో కూడా గుర్తుచేసుకోవాలి. కొత్త నగరం కోసం కూల్చిన ఊళ్ల శిథిలాలను రోడ్ల ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న ఆయన 1957 నుంచి సైకిలు మీద మోసుకెళ్లి, అడవిలో ఎవరికీ చెప్పకుండా బొమ్మలు చేశాడు. పగిలిన గాజులతో నాట్యకత్తెలు, విరిగిన సింకులతో, కరెంటు సాకెట్లతో గోడలు. 1975 ప్రాంతంలో ప్రభుత్వం కనిపెట్టింది, కూల్చేయాలా వద్దా అని తర్జనభర్జన పడింది, 1976లో రాక్ గార్డెన్ పేరుతో జనానికి తెరిచింది. ఎల్బీనగర్ చుట్టుపక్కల అపార్టుమెంట్ల కోసం పడగొడుతున్న పాత ఇళ్ల గచ్చు, జాలీలు, రంగుల మొజాయిక్ పలకలు క్రషర్‌లో పడకముందు ఒక్కరోజు ఆగితే, ఏరుకునేవాళ్లు రావొచ్చు. ఆ ఒక్కరోజు ఇవ్వడానికి చట్టం మార్చనక్కర్లేదు, కేంద్రం గేటు దగ్గర ఒక మూల చాలు.

ఏరుకునేవాళ్లు ఎక్కడినుంచి వస్తారన్నది అసలు చిక్కు. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో శిల్పకళ నేర్పుతారు. విద్యార్థికి అక్కడ ఆకారం తెలుస్తుంది, కొలత తెలుస్తుంది. బీడుకూ ఉక్కుకూ తేడా చేతికి తెలియడానికి మాత్రం వెల్డింగ్ షాపులో నెలలు గడవాలి. షాపులో మేస్త్రీకి అదంతా వచ్చు, కానీ గుర్రం మెడ ఎక్కడ మొదలై ఎక్కడ వంగుతుందో గీసి చూపే అలవాటు ఉండదు. ఇద్దరూ కలిసిన చోట పని బాగా వస్తుంది. అలా కలిసి చేసిన బొమ్మ కింద ఇద్దరి పేర్లూ పడటం అరుదు. శిలాఫలకం మీద ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, కార్పొరేటర్, అధికారులు అందరూ ఉంటారు. శిల్పి పేరు చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటే గొప్ప. లక్షన్నర టాకాలు వేసినవాళ్ల పేర్లు రాయడానికి ఆ రాతి మీద చోటు లేకేం కాదు.

ముందుముందు ఈ కళ సరుకే మారిపోయేలా ఉంది. ఎలక్ట్రిక్ స్కూటర్‌లో పిస్టన్ లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు, సైలెన్సర్ లేదు, చాలావాటిలో గొలుసు కూడా లేదు. కొన్నిటిలో చక్రంలోనే మోటారు, కింద బ్యాటరీ పెట్టె, పైన ఎక్కువగా ప్లాస్టిక్. లిథియం బ్యాటరీని కోస్తే నిప్పంటుకుంటుంది కాబట్టి అది కబాడీ కుర్రాడి చేతికి రాకూడదు కూడా. మోటారు లోపలి రాగి తీగ చుట్ల మీద మాత్రం కొందరి కన్ను ఇప్పటికే పడి ఉంటుంది. ఇంకోపక్క 2021లో కేంద్రం ప్రకటించిన తుక్కు విధానం ప్రకారం పాత వాహనాలు రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలకు వెళ్లాలి. అక్కడ ఆయిలు, బ్యాటరీ, గ్యాసు పద్ధతిగా తీసేసి, మిగతాది యంత్రంలో వేసి నుజ్జు చేస్తారు. నేలకూ గాలికీ అదే క్షేమం. శిల్పికి మాత్రం ముక్కలు మిగలవు, దిమ్మె మిగులుతుంది. ఫ్రాన్సులో సెజార్ అనే శిల్పి 1960లోనే కార్లను ప్రెస్సులో నొక్కించి, ఆ దిమ్మెలనే తెచ్చి ప్రదర్శనలో పెట్టి పెద్ద గొడవ లేపాడు. ఆటోనగర్‌లో ఆ అవసరం ఇంకా రాలేదు. కట్టర్ పట్టుకున్నవాడు బేరింగులను ఇప్పటికీ వేరుగా డబ్బాలో వేస్తున్నాడు. తిరిగేవి మళ్లీ బండికే అమ్ముడుపోతాయి, తిరగనివి కిలోల్లోకి వెళ్తాయి. కన్ను కావాల్సిన శిల్పి ఆ రెండో డబ్బా దగ్గర బేరమాడాలి.